కాలిపోయిన పాత కారు: బీమా పరిహారమును పునరుద్ధరణమును గూర్చిన సమీక్ష

కొత్త కారు అగ్నికి ఆహుతియైనప్పుడు దాని విలువను గూర్చి బీమా కంపెనీకిగాని యజమానికిగాని పెద్ద సందేహము కలుగదు. షోరూములో ధర వ్రాసియే యున్నది, దానినుండి వయస్సు ననుసరించి తరుగుదల తీసివేయగా మిగిలినదే నష్టము. అరువది యేండ్ల నాటి అంబాసిడరో హెరాల్డో కాలినప్పుడు అట్టి సౌలభ్యము లేదు. దానిని నిర్మించిన కర్మాగారము మూతపడినది. అట్టి వస్తువును నేడు కొత్తగా అమ్మువారు లేరు. చక్కగా కాపాడుకొన్నచో దాని వెల యేటేట తగ్గుటకు మారు పెరుగుచున్నది. అయినను దాని నష్టమును కొలుచుటకు మన బీమా వ్యవస్థ చేతనున్న కొలబద్ద మాత్రము కొత్త కార్ల కొరకు తయారైనదే. ఈ వైపరీత్యమే మన ప్రశ్నకు మూలము. యజమానికి దక్కు పరిహారము మంట ఆరిన పిమ్మట గాక, పాలసీ వ్రాయించుకొన్న నాడే చాలవరకు నిర్ణయమైపోవుచున్నదని నా దృఢమైన అభిప్రాయము. బాగుచేత విషయమున సైతము మొదటి వారమునందలి ఓర్పే తరువాతి సంవత్సర కాలపు శ్రమకు ఫలమిచ్చునదియో, ఆ శ్రమను వ్యర్థము చేయునదియో అగుచున్నది.

మన దేశమున పాత కారనగా ముఖ్యముగా మూడు నాలుగు జాతులే స్ఫురించును. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై హిందుస్థాన్ మోటార్సు వారు ఉత్తరపారాలో నిర్మించి 2014 వరకు కొనసాగించిన అంబాసిడరు. ఫియట్ 1100 నుండి జనించి బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని. 1961 నుండి మద్రాసులో స్టాండర్డు మోటారు సంస్థ వారు చేసిన హెరాల్డు. సంస్థానాధీశుల రోల్సురాయిసులు, యుద్ధమునకు పూర్వపు షెవ్రోలేలు వేరు కథ. సామాన్య గృహస్థుల గడపలలో, మామిడి చెట్టు క్రిందనో రేకుల పందిరి క్రిందనో, తాతగారి నాటి జ్ఞాపకముగా నిలిచియున్నవి మొదట చెప్పిన కార్లే గనుక, నేనిచ్చట వానినే ప్రధానముగా దృష్టియందుంచుకొనుచున్నాను.

ఈ కార్లు ఏల తగులబడునో తెలిసికొనుట కుతూహలము కొరకు మాత్రమే కాదు. క్లెయిము నిలుచుటయు వీగిపోవుటయు ఆ కారణముపై ఆధారపడియుండును. అంబాసిడరులో నుండిన 1489 సీసీ పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలును లోనికి పోవు మార్గమును, కాలిన పొగ వెలికి వచ్చు మార్గమును ఒకే ప్రక్కన నుండును. కార్బురేటరు పైన, ఎర్రగా కాగు పొగగొట్టపు దిమ్మ దిగువన. కార్బురేటరులోని తేలుడుబుడ్డి సూది మురికివలన ఇరుక్కొన్నదా, పెట్రోలు పొంగి నేరుగా ఆ వేడి లోహముపై బడును. పెట్రోలును తెచ్చు రబ్బరు పైపు బిరుసెక్కి పగిలినను ఫలితమదియే. నేడు దేశమంతట పంపులలో నమ్ముచున్న పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది; ఆ కాలపు రబ్బరు పైపులను, బెరడు గాస్కెట్లను చేసినవారు ఇథనాలును మనస్సునందుంచుకొని చేయలేదు గనుక, అవి ఉబ్బుటయు మెత్తబడుటయు పగులుటయు సహజమే. ఇక వైరింగు సంగతి. 1950, 1960 దశకముల బ్రిటిషు నమూనా కార్లలో తరచుగా రెండే రెండు ఫ్యూజులుండెడివి; హెడ్‌లైట్ల తీగకు వానిలో నొక్కటియు రక్షణగా ఉండెడిది కాదు. అట్టి బలహీనమైన తీగలకు నేటి యజమాని హాలోజను దీపములు, పాటల పెట్టె, ఎయిర్‌కండిషనరు తగిలించును. డాష్‌బోర్డు వెనుక తీగ వేడెక్కి పూత కరగినచో, దాని చెంతనే రెగ్జినును కొబ్బరిపీచును సిద్ధముగా నుండును.

మన మోటారు పాలసీలో స్వంత నష్టపు భాగమున పేర్కొనబడిన మొదటి ఆపదయే అగ్ని. దాని సరసనే విస్ఫోటము, స్వయంజ్వలనము, పిడుగు కూడ చేర్చబడినవి. అయితే అదే పాలసీ అరుగుదలను, యాంత్రిక విద్యుత్ లోపములను మినహాయించుచున్నది. కంపెనీ వారు కొందరు ఈ రెండు వాక్యములను కలిపి చదివి, షార్టు సర్క్యూటు విద్యుత్ లోపమే గనుక తమకు బాధ్యత లేదని వాదింతురు. అది సరియైన పఠనము కాదు. చెడిపోయిన ఆ తీగముక్క ఖరీదు మినహాయింపులోనికి పోవును గాని, దానినుండి పుట్టిన మంట కాల్చిన తలుపులు, సీట్లు, పైకప్పు అగ్నినష్టమే యగును. లేనిచో స్వయంజ్వలనమను మాటను పాలసీలో వ్రాయుటకు అర్థమే యుండదు. యజమాని భయపడవలసిన అంశము వేరొకటి కలదు. గ్యాసు కిట్టు బిగించి దానిని రిజిస్ట్రేషను పుస్తకమునందు గాని పాలసీయందు గాని చేర్పింపనివాడు, బయట తయారైన విద్యుత్ పరికరములను తగిలించి వానిని ప్రత్యేకముగ ప్రకటింపనివాడు నిజముగనే బలహీనస్థితిలో నుండును. వాహనమును మంచి స్థితియందుంచుట పాలసీదారు ధర్మమని షరతులలో స్పష్టముగ నున్నది గనుక, పైపులు మార్చిన రసీదులు, వైరింగు చేయించిన బిల్లులు దాచియుంచినవాని మాటకు బరువెక్కువ.

మొట్టమొదట, అసలు ఏ పాలసీ యున్నదో చూడవలెను. చట్టము నిర్బంధించునది పరులకు కలుగు నష్టమునకు బీమా మాత్రమే. సంవత్సరమునకు నాలుగు పర్యాయములు బయటికి తీయు కారునకు ఇంతకంటె ఏల యని ఆ ఒక్కదానితోనే తృప్తిపడువారు పెక్కుమంది. అట్టివారి కారు కాలినచో ఒక్క పైసయు రాదు. పూర్తి పాలసీకిని దానికిని నడుమ, బాధ్యతా బీమాకు అగ్ని, చౌర్యములను మాత్రము జోడించుకొను మార్గము మన మోటారు బీమా టారిఫులో నెప్పటినుండియో కలదు. తక్కువ తిరుగు కారునకు ఇది తగిన రక్షణ. దీనిని అడిగి తీసికొను యజమానులు మాత్రము అరుదు.

పూర్తి పాలసీ యున్నవారికైనను అసలు చిక్కు విలువ దగ్గర వచ్చును. 2002లో అమలులోనికి వచ్చిన భారత మోటారు టారిఫు ప్రకారము కారు ప్రకటిత విలువ, అనగా పాలసీలో వ్రాయబడు విలువ, మొదటి ఆరు నెలలలో 5 శాతము తరిగి, అయిదవ యేడు ముగియునప్పటికి సగమునకు దిగును. అయిదేండ్లు దాటినవానికిని, తయారీ నిలిచిపోయిన నమూనాలకును పట్టిక లేదు, కంపెనీయు యజమానియు పరస్పరము అంగీకరించినదే విలువ. ఇది పాత కారు యజమానికి చట్టమిచ్చిన వరము వంటి వాక్యము. ఆచరణలో జరుగునదేమి? ప్రీమియము కొంత తగ్గునన్న ఆశతో, ఏజెంటు వ్రాసిన అంకెకు యజమాని తల యూపును. నిజమునకు అయిదు లక్షలు పలుకు కారునకు లక్షయో, లక్షన్నరయో వ్రాసియుండును. 1940 డిసెంబరు 31కి పూర్వము తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా వారి ధ్రువీకరణము పొందిన కార్లకు ముందుగ నిశ్చయించిన విలువపై పాలసీ నిచ్చుటకును, స్వంత నష్టపు ప్రీమియములో రాయితీకిని ఆ టారిఫు అవకాశమిచ్చినది. అంబాసిడరు జాతి మొత్తము ఆ తేదీకి తరువాత పుట్టినదే గనుక ఆ గడప దాటలేదు. అమెరికాలో హాగర్టీ వంటి సంస్థలు కేవలము పాత కార్లకే నిశ్చిత విలువ పాలసీలిచ్చుట చిరకాలముగ నున్న వాడుక. మనకు ఆ దారి ఇరుకైనది కనుకనే, పరస్పరాంగీకారమను ఆ ఒక్క వాక్యమును యజమాని గట్టిగ పట్టుకొనవలసియున్నది.

తక్కువ విలువ చేయు అపకారమును లెక్కతో చూపెదను. ఇది నేను కల్పించుకొన్న ఉదాహరణము. ఇంజను గదియు, ముందు సీట్లును కాలిన కారును బాగుచేయుటకు 2,40,000 రూపాయల ఎస్టిమేటు వచ్చినదనుకొందము: విడిభాగములకు లక్ష, పెయింటింగునకు 80,000, టింకరింగు, వైరింగు, సీట్ల కుట్టుకూలికి 60,000. పదియేండ్లు దాటిన కారు గనుక లోహపు భాగములపై సగము తరుగుదల. రబ్బరు, ప్లాస్టిక్కు, టైర్లు, బ్యాటరీలకు ఏ వయస్సుననైనను సగమే. కనుక భాగముల క్రింద వచ్చునది 50,000. పెయింటింగు బిల్లులో నాలుగవ వంతును సామగ్రిగా లెక్కించి అందులో సగము కోసివేయుదురు, 70,000 మిగులును. కూలిపై కోత లేదు. మొత్తము 1,80,000. ఇప్పుడు కారు ప్రకటిత విలువ లక్షన్నర యైనచో, దానిలో 75 శాతము, అనగా బాగుచేత వ్యయమునకు పాలసీ విధించు హద్దు, 1,12,500. బాగుచేత వ్యయము ఆ హద్దును దాటినది కనుక పాలసీ భాషలో కారు సంపూర్ణ నష్టము, అనగా టోటల్ లాస్. అదే కారునకు అయిదు లక్షలు వ్రాయించియున్నచో హద్దు 3,75,000. కంపెనీ 1,80,000 చెల్లించును, స్వల్పమైన నిర్బంధ మినహాయింపును మిగిలిన 60,000ను యజమాని భరించును, కారు బ్రతుకును. మంట ఒకటే, ఇనుము ఒకటే. కాగితముపై నుండిన అంకె ఒక కారును తుక్కుగా మార్చినది, మరియొక దానిని నిలిపినది. ఏటా కట్టు కొద్దిపాటి అధిక ప్రీమియమునకు జంకువారు ఈ లెక్క నొక్కసారి స్వహస్తముతో వేసికొనవలెనని నా ప్రార్థన.

కనుక పాలసీ పునరుద్ధరించుకొను ప్రతి పర్యాయము నాలుగు వైపుల ఛాయాచిత్రములు, ఇంజను, డాష్‌బోర్డు, క్రిందిభాగముల చిత్రములు, పునరుద్ధరణకైన బిల్లులు, అట్టి కార్లు ఇటీవల పలికిన ధరలకు నిదర్శనములు జతపరచి, విలువను కోరుచు కంపెనీకి లేఖ వ్రాయవలెను. లేఖకు ప్రత్యుత్తరము రాకున్నను, పాలసీ పత్రముపై ఆ అంకె అచ్చైనచో చాలును.

మంట ఆరిన తరువాత చేయు పొరపాట్లకు లెక్క లేదు. పొగ చల్లారగానే మిత్రులు, మేస్త్రీలు గుమిగూడి, కాలిన సీట్లు లాగివేసి, తీగలు కోసివేసి, కారును షెడ్డునకు లాగుకొనిపోవుదురు. సర్వేయరు వచ్చునప్పటికి అగ్ని ఎచ్చట పుట్టినదో చెప్పగల సాక్ష్యమంతయు చెత్తకుప్పలో నుండును. మొదట బ్యాటరీ తీగ విప్పవలెను. కారు ఉన్న చోటనే, ఉన్నదున్నట్లుగ, చిత్రములు తీయవలెను. అగ్నిమాపక శాఖనుండి ధ్రువపత్రమును, పోలీసు స్టేషనులో ఫిర్యాదు నమోదును పొందవలెను. కంపెనీకి ఆనాడే వ్రాతమూలకముగ తెలుపవలెను. సమీపపు వర్క్‌షాపునకు చేర్చుటకు ప్రైవేటు కార్లకు ఆ టారిఫు పాలసీ యిచ్చు మొత్తము 1,500 రూపాయలు మాత్రమే గనుక దూరపు షెడ్డునకు లాగించుట స్వంత ఖర్చని ముందే గ్రహింపవలెను.

అయితే సాక్ష్యమును కాపాడుట యనగా కారును తుప్పునకు వదలివేయుట కాదు. ఈ సంగతిని మన యజమానులలో నెరిగినవారు తక్కువ. తీగలపై నుండు పీవీసీ పూత కాలినప్పుడు హైడ్రోజను క్లోరైడు వెలువడి, ఆర్పుటకు చల్లిన నీటితో గలిసి హైడ్రోక్లోరికామ్లమై, కాలని లోహమునకు సైతము అంటుకొనును; చూచుచుండగనే మెరుగు భాగములు ఎర్రబారును. పొడి ఆర్పుసాధనములోని అమ్మోనియం ఫాస్ఫేటు చెమ్మ తగిలినచో అల్యూమినియమును తినివేయును. అందుచేత చిత్రములు తీసి, కంపెనీకి తెలిపి, సర్వేయరు సమ్మతితో, వీలైనంత త్వరగా పొడిని దులిపి, వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, లోహమంతట పలుచగ నూనె పూయించవలెను. నష్టము పెరుగకుండ చూచుట పాలసీదారు ధర్మములలో నొకటి కనుక ఈ పని క్లెయిమునకు అడ్డు కాదు, సహాయమే. చేతులకు తొడుగులు, ముక్కునకు ముసుగు తప్పనిసరి. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాసుండును, కొత్తగా మార్చిన కొన్ని సీళ్లు కాలినచో వాని జిగురు చర్మమును, ఎముకను సైతము దహించు ఆమ్లమగును.

కాలిన మార్క్-2 అంబాసిడరు నొకదానిని సర్వేయరు పరీక్షించుచుండగా నేను చెంతనుండి చూచితిని. ఆయన ముందుగ ఎస్టిమేటు నడుగలేదు. మసిబట్టిన రేకుపై కిరోసిను గుడ్డతో మెల్లగ రుద్ది, చెక్కిన చాసిస్ అంకెలు పైకి తేలిన తరువాత, దానిపై పలుచని కాగితముంచి, పెన్సిలును ప్రక్కవాటుగ పట్టి రుద్దెను. అంకెలొక్కొక్కటి తెల్లగ కాగితముపై లేచినవి. ఒక అంకె మాత్రము పూర్తిగ పడలేదు. ఆయన మరల తుడిచి, మరల రుద్ది, మూడవ కాగితముతో గాని తృప్తిపడలేదు. ఇంజను గదిలో బిగించిన అల్యూమినియము పట్టీ కరగి కారిపోయియుండెను. ఆ కారు ఆ కారే యని నిరూపించుటకు ఆ పెన్సిలు ముద్ర తప్ప వేరాధారము లేదు. ఇట్టి ముద్రను మంటకు ముందే తీయించి యింట భద్రపరచుకొన్నవాడు ధన్యుడు.

1938 నాటి బీమా చట్టపు 64యూఎం నిబంధన ననుసరించి, నిర్ణీత మొత్తమును మించిన నష్టమును లైసెన్సుగల సర్వేయరే మదింపు వేయవలెను. ఆయన నివేదికకు గౌరవమున్నది గాని అది తిరుగులేని శాసనము కాదని సుప్రీంకోర్టు 2009లో స్పష్టముగ చెప్పినది. కనుక ఎస్టిమేటు ఇచ్చునప్పుడు ఒక్క మొత్తము వ్రాసి ఊరకుండక, ప్రతి భాగమును, ప్రతి పనిని విడివిడిగ పేర్కొనవలెను. పాత భాగము దొరకు చోటును, ధరను సైతము చూపవలెను. కంపెనీ తీర్పు అన్యాయమని తోచినచో ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగము, ఆ తరువాత బీమా అంబుడ్స్‌మను. తెలుగు రాష్ట్రములవారికి ఆ కార్యాలయము హైదరాబాదులో కలదు. వినియోగదారుల కమిషనులకు పోదలచినవారు రెండేండ్ల గడువు మరువరాదు.

టోటల్ లాస్ నంగీకరించుటకు ముందు యజమాని నిదానముగ ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. పూర్తి విలువ చెల్లించి కారును కంపెనీ తీసికొనుట ఒక పద్ధతి. కాలిన కారు తుక్కు విలువను తగ్గించి మిగిలినది చెల్లించి, కారును యజమానికే వదలుట మరియొకటి. దీనిని సర్వేయర్లు 'నెట్ ఆఫ్ సాల్వేజ్' అందురు. మోటారు వాహనముల చట్టపు 55వ నిబంధన ప్రకారము నాశనమైన లేక శాశ్వతముగ వాడుకకు పనికిరాని వాహనమును గూర్చి పదునాలుగు దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను, రిజిస్ట్రేషను రద్దగును. ఒకసారి రద్దైన కారు తిరిగి రోడ్డెక్కుట దుర్లభము. తుక్కు విలువపై ప్రేమతో కాక కారుపై ప్రేమతో దానిని నిలుపుకొనదలచినవాడు, తాను సంతకము పెట్టు సమ్మతిపత్రమున రిజిస్ట్రేషను రద్దు షరతు ఉన్నదా లేదా యని చదివి చూడవలెను. చదువకయే సంతకము చేసి, డబ్బు పుచ్చుకొని, ఏడాది శ్రమపడి బాగుచేయించి, తుదకు కారును వాకిట బొమ్మగ నిలుపుకొన్నవారి దుఃఖము నిజముగ హృదయవిదారకము.

ఇక బాగుచేత. లోహము ఎంత వేడిని చవిచూచినదో దాని శరీరముననే వ్రాసియుండును. తలుపుల పిడులు, పెట్రోలు పంపు చేయుటకు వాడిన జింకు మిశ్రమము దాదాపు 400 డిగ్రీలకే కరగును, అల్యూమినియము 660కి. జింకు కరగి అల్యూమినియము నిలిచియున్నచో ఆ భాగమున రేకు బ్రతికియున్నదని ఆశపడవచ్చును. అల్యూమినియము కూడ కారిపోయినచోట ఉక్కురేకు తన బిగువును కోల్పోయి, సుత్తి దెబ్బకు ఎటు వంచిన అటు వంగును. సీటు స్ప్రింగులు చేతితో నొక్కినప్పుడు తిరిగి లేవకున్నచో అదియు వేడికి గుర్తే. ఇచ్చట కారు నిర్మాణము ముఖ్యము. హెరాల్డునకు వేరుగ చాసిస్ కలదు, పై అంగములు బోల్టులతో బిగించినవి. కాలిన ముందుభాగమును విప్పి మరియొకటి అమర్చవచ్చును. అంబాసిడరుకు శరీరమే చాసిస్. ఇంజను గదికిని కూర్చొను చోటుకును మధ్యనున్న రేకుగోడ బిగువు తప్పినచో కారు నడకయే మారును. అందుచేత పుట్టీ నింపి రంగు వేయుటకు ముందు, ఆ గోడను పూర్తిగ గీకించి, కొలతలు తీయించి చూడవలెను. వేడి ఇంజనుపై నీరు పడినచో సిలిండరు హెడ్డు బీటవారియుండవచ్చును. సరళపు పట్టీనుంచి ఫీలరు గేజీతో వంకర చూచి, పీడనపరీక్ష చేయించిన పిమ్మటగాని దానిని బిగింపరాదు.

వైరింగు విషయమున నాకు సడలింపు లేదు. కాలిన తీగలను ముక్కలు అతికించుట మరొక మంటకు పిలుపు. మొత్తము వైరింగును కొత్తగ వేయించి, ప్రతి మార్గమునకు ఫ్యూజునుంచి, బ్యాటరీ వద్ద నొక కట్టు స్విచ్చి పెట్టవలెను. పెట్రోలు పైపులు ఇథనాలును తట్టుకొనునవే కావలెను. వీనిని మార్చినచో కారు అసలుతనము పోవునని బాధపడువారున్నారు. కంటికి కనబడని చోట భద్రతకు ప్రాధాన్యమీయుట కారునకు అపచారము కాదు. అందుకు భిన్నముగ, కంటికి కనబడు రేకుల విషయమున అసలు లోహమును వీలైనంతవరకు నిలుపుకొనవలెను; చెన్నై పుదుప్పేటలో, కలకత్తా మల్లిక్ బజారులో, సికిందరాబాదు రాణీగంజులో తిరిగి తెచ్చిన పాత తలుపు, కొత్తరేకుతో కొట్టించినదానికంటె గీతలలో నిక్కచ్చిగ నుండును. విజయవాడ ఆటోనగరులో అంబాసిడరు పనినెరిగిన వృద్ధ మేస్త్రీలు ఇంకను కలరు; వారి చేతిపనికి విలువకట్టు గడి మన ఎస్టిమేటు కాగితములలో లేకపోవుట శోచనీయము.

అసలు లోహమును నిలుపుకొనుటకు చట్టపు కారణము కూడ కలదు. 2021లో కేంద్ర ప్రభుత్వము వింటేజి వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను నిబంధనలను తెచ్చినది: యాబది యేండ్లు దాటిన కారునకు 20,000 రూపాయల రుసుముతో పదియేండ్ల రిజిస్ట్రేషను, అంకెల నడుమ 'వీఏ' గుర్తు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, నిర్వహణకు మాత్రము రోడ్డుపై నడుపు అనుమతి. బీమా టారిఫు వింటేజి కాదన్న అంబాసిడరు ఈ చట్టము ప్రకారము వింటేజి కాగలదు. రెండు శాఖలు ఒకే వస్తువును రెండు నిర్వచనములతో చూచుట సరిదిద్దవలసిన లోపము. అయితే చాసిస్‌నుగాని శరీరమునుగాని ఇంజనునుగాని గణనీయముగ మార్చిన కారు ఈ రిజిస్ట్రేషనుకు అర్హము కాదు. కాలిన కారు శరీరమును తీసి వేరొక దాని శరీరమును తొడిగినచో, మంటకు మిగిలిన ఆ అర్హత మేస్త్రీ చేతిలో పోవును. ఏ రేకు మార్చితిమో, ఏది నిలిపితిమో చూపు చిత్రములను తారీఖులతో దాచియుంచినచో ఆ రిజిస్ట్రేషను కొరకు కారును చూచు పరిశీలక సంఘము ముందు అవి మాటాడును.

చివరకు, మేస్త్రీ షెడ్డులోనే కారు కాలిపోవు సందర్భమును చెప్పవలెను. పాత కార్లు ఇంటికంటె షెడ్డులలో నెక్కువ కాలము గడుపును, వెల్డింగు నిప్పురవ్వలు, పెట్రోలు డబ్బాలు, థిన్నరు అచ్చటనే యుండును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, తనకప్పగింపబడిన వస్తువును వివేకవంతుడు తన స్వంత వస్తువును చూచునట్లు చూచిన మేస్త్రీ, ప్రత్యేక ఒప్పందము లేనిచో, ఆ వస్తు నష్టమునకు బాధ్యుడు కాడు. అట్లు చూడలేదని నిరూపించినను, రేకుల షెడ్డే సర్వస్వమైన వానివద్ద నుండి అయిదు లక్షలు రాబట్టుట ఊహకందని మాట. కారు విప్పి షెడ్డులో నున్నది, నడుచుట లేదు గదా యని ఆ ఏడాది పాలసీని కట్టకుండ వదలివేయు యజమానులు అనేకులు. వాడుకలో లేక నిలిపియుంచిన వాహనమునకు అగ్ని, చౌర్యముల రక్షణను మాత్రము కొనసాగించు ఏర్పాటు టారిఫులోనే కలదు; కారును అప్పగించు నాడే కంపెనీకి షెడ్డు చిరునామాతో సహా తెలిపి, ఆ ఏర్పాటు క్రిందికి మార్పించుకొని, మేస్త్రీతో నొక కాగితముపై కారు స్థితిని, విడిభాగముల జాబితాను వ్రాయించి ఇరువురును సంతకములు చేయుట ఒక పూట పనియే.